కనోలా చేల మధ్య వెల్ష్ పాట

అర్థం తెలియకుండా నోటికి వచ్చిన పాట మనదవుతుందా? మా అమ్మమ్మ తెల్లవారుతూనే ముగ్గు వేస్తూ సంస్కృత స్తోత్రాలు చదివేది. అర్థం అడిగితే, "నాకేం తెలుసే, మా అమ్మ చదివేది" అనేది. ఆ గొంతు వెంటే నేర్చుకున్నాను. నాకూ తెలియదు. మా పదమూడేళ్ల అమ్మాయి మేఘన తెలుగు క్లాసు మానేస్తానన్నప్పటి నుంచి ఈ ప్రశ్న మళ్లీ తొలుస్తోంది. దానికి ఆదివారాలు తెలుగు చెప్పేది మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే శ్రావణి. కరీంనగర్ నుంచి చదువుకు వచ్చింది. తను వచ్చిన ఏడాది కెనడాలోని ఈ ఎడ్మంటన్‌లో మా వీధి బేస్‌మెంట్లన్నీ మన పిల్లలతోనే నిండాయి.

బ్రిటన్‌లోని వేల్స్ నుంచి వచ్చిన రైతులు ముత్తాతల నాడు కట్టుకున్న చిన్న చర్చిలో ఇంకా వాళ్ల వెల్ష్ భాషలో పాడతారని విని, జులైలో ముగ్గురం బయలుదేరాం. హైవే టూ మీద దక్షిణంగా గంట, తూర్పుకు తిరిగాక ఇంకో అరగంట కంకర రోడ్డు. రానూపోనూ పెట్రోలుకు నలభై డాలర్లయింది.

"ఈ రోడ్డు అయిపోతనే లేదు ఆంటీ. మా ఊరి బస్సు నయం, నడుమ చాయ్‌కన్నా ఆపుతడు" అంది శ్రావణి.

"నో చాయ్ హియర్, అక్కా" అని మేఘన నవ్వింది.

పసుపు పూల కనోలా చేల మధ్య తెల్ల చెక్కల చర్చి, పక్కన పాతిక సమాధులు. తాళం తీసింది పక్క పొలం మార్గరెట్ గారు. ఎనభై దాటి ఉంటాయి. పాత పుస్తకం తెరిచి, నిలబడి పాడారు. ఆ చెక్క కప్పు కింద నాకు అమ్మమ్మ ముగ్గు వేసే మా వాకిలి గుర్తొచ్చింది.

"అర్థం తెలుసా?" అని మేఘన ఇంగ్లీషులో అడిగింది.

"అక్కడక్కడా. మా నాయనమ్మకు అంతా తెలుసు. నాకు పలకడం వచ్చు, అంతే" అన్నారావిడ. శ్రావణి ఒక పదం పలకబోతే, "'ల' అనేటప్పటిలా నాలుక పెట్టి, అక్కడే ఉంచి గాలి ఊదమ్మా" అని నేర్పారు.

"మన 'ళ' తోటి పని కాలే ఆంటీ" అని శ్రావణి నా వైపు తిరిగింది.

నేర్చుకోకపోతే ఏమవుతుందో చూశావా అని తిరుగు దారిలో మేఘనకు చెబుదామనుకున్నాను. అదే ముందు అంది: "సీ అమ్మా, అర్థం తెలీకపోయినా షీ ఈజ్ ఫైన్. నాకూ పాటలు చాలు."

"క్లాస్ లేకుంటే నా పార్ట్‌టైం జాబ్‌ల సండే షిఫ్ట్ తీసుకుంట ఆంటీ. ఏదో ఒకటి చెప్పుండ్రి" అంది శ్రావణి.

మీరూ వెళ్లేటట్టయితే హైవే దిగకముందే పెట్రోలు నింపుకోండి, తర్వాత బంకులు లేవు. మార్గరెట్ గారి గొంతులో నాకు ఏ లోటూ వినిపించలేదు. కానీ ఆవిడ తర్వాత ఆ పుస్తకం ఎవరు తెరుస్తారని అడగడానికి నోరు రాలేదు. మేఘనను క్లాసులో కూర్చోబెట్టాలో, పాడుకోనిచ్చి ఊరుకోవాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. శ్రావణికి ఇంకా జవాబు చెప్పలేదు.