మడత పెట్టే మాట

మా అత్తగారింట్లో తెలుగు రెండు రకాలు. ఒకటి అందరికీ అర్థమయ్యేది, రెండోది నాకు అర్థం కాకూడదని మాట్లాడేది. విజయవాడ వన్‌టౌన్‌లో మామగారికి చీరల కొట్టు ఉంది. కొనడానికి వచ్చినవాళ్ళ గురించి వాళ్ళ ఎదుటే మాట్లాడుకోవాలి కాబట్టి కొట్లో కొన్ని మాటలు కల్పించుకున్నారు. అన్నీ తీయించి చూసి కొనకుండా పోయే మనిషి 'నలిగిన చీర'. ఆమెను మర్యాదగా సాగనంపడం 'మడత పెట్టడం'. వ్యాపారమన్నాక ఇలాంటివి ఉంటాయి, నాకేం అభ్యంతరం లేదు. వీళ్ళు ఆ మాటల్ని భోజనాల బల్ల దాకా తెచ్చారు. అదీ నా కడుపుమంట.

కొత్తలో నేను కూర వడ్డిస్తుంటే మా ఆడపడుచు "రంగు దిగుతోందమ్మా" అనేది. అందరూ తలొంచుకుని నవ్వుకునేవాళ్ళు. కోడలు ఏడుపు మొహం పెట్టిందని దానర్థం. అది తెలిశాక నిజంగానే ఏడుపొచ్చింది, కాని ఏడిస్తే మళ్ళీ అదే మాట అంటారు. నవ్వితే నాకు తెలిసిపోయిందని మాటలు మార్చేస్తారు. వాళ్ళ మధ్య బెల్లం కొట్టిన రాయిలా కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. మా ఆయనతో మొరపెట్టుకుంటే "సరదాకి అంటారు, నువ్వూ నేర్చుకోరాదూ" అన్నాడు.

నేర్చుకున్నాను. ఒకరోజు మామగారు పక్కింటాయన మీద విసిరిన మాటకి ఆపుకోలేక ఫక్కున నవ్వేశాను. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. వాళ్ళేమో పండగ చేసుకున్నారు. "ఇప్పుడు మన పిల్లయిందండీ!" అంటూ అత్తగారు నా కంచంలో ఇంకో చెంచా నెయ్యి వేశారు. ఆ రోజు నుంచి నాకు ఊపిరాడలేదు. ఇంటికి ఎవరొచ్చినా వాళ్ళ గురించి వాళ్ళ ఎదుటే నన్నడుగుతారు. నేను ఆ మాటల్లోనే జవాబివ్వాలి.

కిందటేడు మైలవరం నుంచి మా అమ్మ వచ్చింది. కంట్లో శుక్లం తీయించుకుని, ఆసుపత్రి నుంచి నేరుగా మా ఇంటికి. ఎల్లుండి మళ్ళీ చూస్తాననీ, ఈలోగా దుమ్ములో బస్సు ప్రయాణం వద్దనీ డాక్టరు చెప్పారు. నా పెళ్ళయ్యాక అమ్మ ఈ ఇంట్లో ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. ఈ రెండు రోజులైనా దగ్గర ఉంచుకోవాలని నా ఆశ.

అమ్మకి కాఫీ అందిస్తూ అత్తగారు నవ్వుమొహంతో నావైపు తిరిగారు.

"ఈ చీర ఇక్కడుంటే నలుగుతుందేమోనే. సాయంత్రానికి మడత పెట్టేద్దామా?"

అమ్మ కట్టులేని కంటితో మా ఇద్దరినీ చూసి, "మంగళగిరిదా వదినగారూ?" అంది ఇష్టంగా.

సరేనంటే అమ్మని నేనే గెంటినట్టు. వద్దంటే ఆ మాటల్లోనే వద్దనాలి, అమ్మ ముందే అమ్మని చీరని చేసి బేరమాడాలి. ఒళ్ళు మండిపోయింది. "అమ్మ ఎల్లుండి దాకా ఇక్కడే ఉంటుందండీ అత్తయ్యా" అన్నాను, మామూలు తెలుగులో, గట్టిగా.

"ఉండనీ తల్లీ, ఎవరొద్దన్నారు?" అన్నారావిడ.

గెలిచాననుకుని అమ్మవైపు చూశాను. చీర గురించి అడిగితే నేను తన గురించి ఎందుకు చెప్పానో అమ్మకి అర్థమైపోయింది. గ్లాసు కింద పెట్టింది.

"అబ్బే, నేను సాయంత్రం బస్సుకే వెళ్దామనుకున్నానండీ. గేదెకి మేత వేసే దిక్కు లేదక్కడ."

మా పుట్టింట్లో గేదె లేక ఏళ్ళయింది. ఎంత బతిమాలినా ఆగలేదు. బస్సెక్కేముందు నా చెయ్యి పట్టుకుని, "మీవాళ్ళ మాటలు నీకు బాగా పట్టుబడ్డాయే. మంచిదేలే, అక్కడ బతకాల్సినదానివి" అంది. కంటికి దుమ్ము తగలకుండా కొంగు అడ్డం పెట్టుకోమన్నాను.