పొగ గదిలో మంట

రెండో ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్లు ఇటలీలోని ఈ అపెనైన్ కొండల పొడవునా తవ్వించిన రక్షణ రేఖకు గుర్తుగా శిఖరం మీద ఒక రాతి స్తంభం ఉంది. ఏటా అక్టోబరులో అక్కడ సభ పెడతారు. ఊళ్లో చెస్ట్‌నట్ కాయలు ఎండబెట్టేదీ అప్పుడే. పొగ గదిలో నెల్లాళ్లపాటు సన్నటి మంట ఆరకూడదు. ఆరిందా, చలికాలమంతా తినాల్సిన ఆ కాయల పిండి బూజుపాలే. ఈ సంగతి సభలు పెట్టేవాళ్లకు ఎన్నడూ తట్టదు.

"ముళ్లమీద కూర్చున్నట్టు ఏమిటే ఆ మెసలడం?" అంది సభలో పక్కన కూర్చున్న దోరీనా.

"మంట చూసొస్తానక్కా," అంది ఎర్సీలియా.

"మేయరు మాట్లాడుతుంటేనా?"

"ఆ రాయికైతే పనీపాటా లేదు, ఎంతసేపైనా వింటుంది. నాకు తీరికేదీ?"

దోరీనా గొంతు తగ్గించింది. "అమ్మ కూడా ఇలాగే వెళ్లిందే."

యుద్ధంలో ఆ రోజు ఊరంతా గుహలో దాక్కుంది. కాయలు పాడవుతాయని అమ్మ ఒక్కతే వెళ్లి మంట ఎగదోసింది. పొగ చూసి, జర్మన్ సైనికులున్నారనుకుని మిత్రరాజ్యాల వాళ్లు ఫిరంగులు పేల్చారు. స్తంభం మీద చెక్కిన మృతుల పేర్లలో ఆమె పేరు లేదు.

ఎర్సీలియా లేచి, చరచరా కొండ దిగింది. పొగ గదిలో మొద్దును మంటలోకి తోసి బయటికొచ్చింది. కప్పు సందుల్లోంచి పొగ లేచింది. ఆమె గోడకు వీపానించి, ఊపిరి బిగబట్టి, ప్రతి ఏడాదిలాగే ఆకాశంకేసి చూస్తూ నిలబడింది.

పైనుంచి ఏమీ పడలేదు. సభలోంచి చప్పట్లు మాత్రం వినిపించాయి.