మర ముట్టని వాల్దీ బాబాయ్

చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు బాగుచేయడంలో మా వాల్దీ బాబాయ్‌ని మించినవాడు మా ఊరు గిమ్లీలో లేడు. కాకపోతే ఆయన మర, అదే స్క్రూ, ముట్టడు. నలభై ఏళ్ళుగా ముట్టలేదు. పిలిస్తే వస్తాడు, నేలమాళిగలోకి దిగుతాడు, ఓ బకెట్టు బోర్లించి దానిమీద కూర్చుంటాడు, ఆ ఇంటివాళ్ళ చేతే పనంతా చేయిస్తాడు. ఒక చేతిలో కాఫీ కప్పు, రెండో చేతిలో నంజుకోవడానికి చక్కెర బిళ్ళ. "చూస్తున్నావుగా, నా చేతులు ఖాళీ లేవు" అంటాడు.

ఓసారి చర్చిలో పెళ్ళి జరగబోతుంటే ఫర్నేసు ఆగిపోయింది. బాబాయ్ వచ్చి పాస్టరు గారిని నల్లగౌనుతో సహా నేలమీద పడుకోబెట్టాడు.

"వాల్దీ, పైన పెళ్ళికూతురు వణికిపోతోందయ్యా!" అన్నాడు పాస్టరు.

"వణకనివ్వండి, పెళ్ళికొడుకు దగ్గరికి జరుగుతుంది. మీరు ఆ ఎర్ర తీగ వదలండి, పసుపుది పట్టుకోండి."

డెబ్భై ఆరేళ్ళ ఆస్తా అత్తకూ మినహాయింపు దొరకలేదు. "మోకాళ్ళ నొప్పులు వాల్దీ, నావల్ల కాదు" అని మొరపెట్టుకుంది పాపం. "మోకాళ్ళతో ఎవరు విప్పమన్నారు? చేతులతో విప్పు" అన్నాడీయన. ఆవిడ తిట్టుకుంటూనే విప్పింది. ఆ తర్వాత ఏడాది పాటు కనపడిన వాళ్ళందరికీ ఆ కథ చెప్పుకుంది, ఫర్నేసును తనే కనిపెట్టినట్టు.

నా మటుకు నేను ఆయన్ని పరమ సోమరి అనుకునేదాన్ని. అనుకోవడమేమిటి, మొహం మీదే అనేదాన్ని. ఆయన నవ్వి ఇంకో చక్కెర బిళ్ళ అడిగేవాడు.

మా పాప బిర్తా పుట్టి మూడు వారాలైన జనవరి అది. మా ఆయన స్టెఫాన్ మంచు కింద చేపల వలలు వేయడానికి సరస్సు ఉత్తరపు ఒడ్డున శిబిరానికి వెళ్ళాడు. ఇంట్లో నేనూ పాపా. రెండు రోజులుగా మంచు తుఫాను. సున్నాకి కింద ముప్పై ఏడు డిగ్రీలు. వాకిట్లో కారు ఎక్కడుందో కూడా తెలియడం లేదు.

పొద్దున లేచేసరికి గోడమీద ఇంటి వేడి చూపే మీటరు పదహారు డిగ్రీలు చూపిస్తోంది. కిందకు పరుగెత్తాను. ఫర్నేసులో మంట వెలుగుతోంది గానీ గాలి రావడం లేదు. గాలి తోసే మోటారు కాసేపు మూలిగి ఊరుకుంటోంది. తోసేవాడు లేక వేడంతా లోపలే పోగుపడి, మంట తనంతట తనే ఆరిపోతోంది. తొమ్మిదింటికి వాల్దీ బాబాయ్‌కి ఫోన్ చేశాను.

"మూలుగుతోందా? తిరగడం లేదా?"

"లేదు బాబాయ్. పాప ఉంది, తొందరగా రండి!"

"మోటారు పోయింది. కొళాయి సన్నగా వదిలిపెట్టు, గొట్టాలు గడ్డకట్టకుండా. వస్తున్నా."

ఆయన ఇల్లు మా ఇంటికి నాలుగిళ్ళ అవతల. వచ్చేసరికి పదిన్నర. మీటరు పదకొండుకు దిగింది. నేను పాపను మూడు దుప్పట్లలో చుట్టి, ఆయన్ని నాకొచ్చిన తిట్లన్నీ తిట్టి, తిట్లు అయిపోయి మళ్ళీ మొదలుపెట్టాను. చివరికి తలుపు తోసుకుని మంచు కొట్టిన ఎలుగుబంటిలా లోపలికొచ్చాడు. ఒంటిమీద తాతలనాటి తోలు కోటు, చంకలో గోనెలో చుట్టిన మోటారు.

"నాలుగిళ్ళు నడవడానికి గంటన్నరా?"

"బూట్లు దొరకలేదు."

"ఆ మోటారెక్కడిది?"

"షెడ్డులో పడుంది. ఈ వీధి ఇళ్ళన్నీ ఒకే మేస్త్రీ కట్టినవి, అందరికీ ఒకటే ఫర్నేసు. సరిపోతుంది. పాపని ఇటివ్వు."

బిర్తాను కోటు లోపల పెట్టుకుని బొత్తాలు పెట్టేసుకున్నాడు. చిన్న టోపీ మాత్రం బయటికి కనిపిస్తోంది. బకెట్టు బోర్లించి కూర్చున్నాడు. కాఫీ ఇస్తానంటే వద్దన్నాడు. ఊలు చేతి తొడుగులు కూడా తీయలేదు.

"బాబాయ్, ఈ ఒక్కసారికి మీరే చేయండి. మీకు ఇరవై నిమిషాల పని!"

"నా చేతుల్లో పాప ఉంది."

"పాపని నేనెత్తుకుంటా!"

"నిద్రపోయింది, లేపకు. ముందు కరెంటు ఆపు. తర్వాత గ్యాసు మూసెయ్."

ఆ క్షణాన సుత్తి అందుబాటులో ఉంటే ఈ వ్యాసం జైలు నుంచి రాసేదాన్ని. కరెంటు ఆపాను. గ్యాసు మూశాను. ఫర్నేసు ముందు రేకులు ఊడదీసి, ఫ్యాను పెట్టెను బయటికి లాగాను. ఏ రంగు తీగ ఎక్కడుందో పాప పాలసీసా అట్టపెట్టె మీద రాసుకున్నాను. ఫ్యాను చక్రాన్ని మోటారు ఇరుసుకు పట్టి ఉంచే మర ఒకటుంటుంది. అది తుప్పు పట్టి కదలనంది. మీటరు తొమ్మిది.

"నూనె పోసి ఆగు."

"ఆగడానికి టైముందా? గొట్టాలు పగిలితే ఇల్లంతా మంచుగడ్డే! పాపకేమన్నా అయితే?"

"పాప కుంపటిలా ఉంది. నీ గొంతే గడ్డ కట్టేట్టుంది. ఇప్పుడు తిప్పు. అటు కాదు, ఇటు."

మర కరకరమని కదిలింది. పాత మోటారు ఊడింది. కొత్తదాని ఇరుసుకు ఒకపక్క చదునుగా ఉంటుంది, మర సరిగ్గా ఆ చదును మీదే కూర్చోవాలి. నా వేళ్ళకు స్పర్శ లేదు. రెండుసార్లు గుండ్రటి పక్కన బిగించాను, రెండుసార్లూ ఆయన కూర్చున్నచోటి నుంచే "ఊహూ" అన్నాడు. పెట్టెను లోపలికి తోసి, తీగలు కలిపి, రేకులు పెట్టి, గ్యాసు వదిలి, కరెంటు వేసేసరికి మీటరు ఏడు.

ఏమీ జరగలేదు. మంట లేదు, మూలుగు కూడా లేదు. మూడు వారాల బిడ్డ, ఏడు డిగ్రీల ఇల్లు, బయట తుఫాను. నేను నేలమీద కూలబడి ఏడ్చేశాను.

"ఏడుపు తర్వాత" అన్నాడు బాబాయ్ మెల్లగా. "రేకు సరిగ్గా మూశావా?"

ఆ రేకు వెనక ఒక మీట ఉంటుంది. రేకు దాన్ని నొక్కితేనే లోపలికి కరెంటు వెళుతుంది. లేచి రేకునొక్క తన్ను తన్నాను. టక్కుమంది. కాసేపటికి మంట అంటుకుంది, ఇంకాసేపటికి మోటారు హోరుమంటూ తిరిగింది. వెచ్చటి గాలి మొహానికి తగిలితే మళ్ళీ ఏడ్చాను. ఈసారి ఆయన అడ్డు చెప్పలేదు.

ఇల్లు వెచ్చబడినా మనిషి కదలడే! తొడుగులు తీయకుండానే రెండు గిన్నెల చేపల పులుసు తాగాడు. "పాపకి నేను అలవాటయ్యాను" అంటూ ఆ రాత్రి సోఫాలోనే పడుకున్నాడు. పని ముట్టని మనిషికి తిండీ పడకా మాత్రం బాగానే కావాలని లోపల సణుక్కున్నాను. ఈ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

మర్నాడు గాలి తగ్గింది, బండి వచ్చి రోడ్డుమీద మంచు తోసింది. ఆయన వెళ్ళిపోయాడు. తిట్టినందుకు మనసు పీకి, సాయంత్రం పాపను ఒంటికి కట్టుకుని, ఎండు ఆల్‌బుఖారా పళ్ళ గుజ్జు పొరలు పెట్టిన కేకు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు తీస్తే లోపల నా ఊపిరి పొగలా కనిపించింది. వంటింట్లో కట్టెల పొయ్యి పక్కన కోటుతో కూర్చున్నాడు. కొళాయి తిప్పితే నీళ్ళు లేవు. గొట్టాలన్నీ ముందే ఖాళీ చేసి పెట్టుకున్నాడు.

గబగబా కిందకు దిగాను. ఫర్నేసు రేకులు నేలమీద ఉన్నాయి. మోటారు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

పైకొచ్చి ఆయన చేతి తొడుగులు లాగేశాను. మణికట్టు దాకా గీతలు, వేళ్ళ కణుపుల దగ్గర చర్మం లేచిపోయింది.

"మీ మర కూడా తుప్పు పట్టిందా?"

"నీదానికంటే మొండిది."

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే తీసుకుంటావా నువ్వు?"

"పోనీ మా ఇంట్లో మీరే బిగించి ఉండొచ్చుగా!"

"నీకు రాకపోతే ఎలాగ? మళ్ళీ ఆగితే తెచ్చివ్వడానికి మా ఇంట్లో ఇంకో మోటారు లేదు కదా!"

నేను ఆయన మెడ పట్టుకుని ఏడ్చాను. మధ్యలో నలిగిన బిర్తా మా ఇద్దరికంటే గట్టిగా ఏడ్చింది. అవన్నీ అయ్యాక ఆయన్ని మా ఇంటికి లాక్కొచ్చాను. మర్నాడు విన్నిపెగ్ నుంచి కొత్త మోటారు వచ్చింది. వాళ్ళింట్లో నేనే బిగించాను, నలభై నిమిషాల్లో. బాబాయ్ పాపనెత్తుకుని పక్కనే నిలబడి, తప్పు దొరక్క తెగ ఇబ్బంది పడ్డాడు.

నేను వెళ్ళేటప్పుడు గుమ్మంలో నా చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించాడు.

"అమ్మాయ్, ఈ సంగతి ఎవరికీ చెప్పకు. వాల్దీ సొంత చేతులతో మర విప్పాడని తెలిస్తే, ఊళ్ళో నా పరువేం కావాలి?"