గేటు లోపట జాగ

మా బాపు నస్పూర్ల బొగ్గుబాయిల పని చేసి రిటైరైండు. క్వార్టర్ ఖాళీ చెయ్యాల్సొచ్చింది. మా అవ్వ ఎప్పుడో పోయింది, ఆయనకేమో ఆయాసం. నా మొగడు దుబాయ్‌ల ఉంటడు, నేను కరీంనగర్‌ల ఒక్క రూము తీసుకొని ప్రైవేట్ బడిల చెప్తున్న. "నా తానికి రా బాపూ, ఇద్దరికి సరిపోయే ఇల్లు సూద్దాం" అన్న. సరేనన్నడుగని ఒక్క షరతు పెట్టిండు. తను సచ్చిపోతే శవాన్ని ఆ ఇంటి గేటు లోపట పండవెట్టనియ్యాలెనట.

నవ్వులాట అనుకునేరు, కాదు. కిరాయిదార్ల ఇంట్ల మనిషి పోతే, శవాన్ని లోపటికి రానియ్యరు మా దిక్కు చానామంది ఓనర్లు. మంచి నక్షత్రంల పోకుంటే ఇల్లు నెలలకొద్ది తాళమేసి ఉంచాలె, మళ్ల కిరాయికి ఎవ్వలు రారు అని వాళ్ల భయం. బాపుతోని బాయిల పనిచేసిన దోస్తును గట్లనే రోడ్డు మీద టెంటు కింద పండవెట్టిన్రు. లారీలు పోతుంటే కప్పిన బట్ట లేస్తుండెనట. బాపు పక్కన కూసొని దాన్ని పట్టుకున్నడట. అప్పటిసంది ఆయనకు గదే రంది.

ఇగ స్కూటీ మీద ఎనక బాపును కూసోవెట్టుకొని టులెట్ బోర్డులు సూసుకుంట తిరిగిన. మంకమ్మతోట ఏరియా అంటే నాకు పాణం. దవాఖాన్లు, మందుల దుకాండ్లు, టిఫిన్ బండ్లు, అన్ని గేటు దాటంగనే. రాత్రి ఆయాసమొస్తే ఆటో గూడ అక్కెరలేదు. రెండో అంతస్తుల ఒక పోర్షన్ మస్తు నచ్చింది. నేను నల్లా తిప్పి సూస్తున్న, బాపు ఓనర్ సారును అడగనే అడిగిండు: "సారూ, నేను సచ్చిపోతే కింద గేటు లోపట పండవెట్టనిస్తరా?"

సారు మంచోడే పాపం, పరేషాన్ అయిండు. "గట్ల మాట్లాడద్దు పెద్దాయనా, నూరేండ్లుంటరు" అన్నడు. "ఉంటగని, ఆ తర్వాత సంగతి చెప్పుండ్రి" అన్నడు బాపు. సారు ఫోన్ వచ్చినట్టు చేసి లోపటికి పోయిండు.

జ్యోతినగర్ ఆ పక్కనే, గని లోకమే వేరు. రోడ్లు సాఫ్, ఇండ్ల ముందట మందార చెట్లు, పొద్దుగూకితే రిటైరైన సార్లు ముచ్చట్లు పెట్టుకుంట నడుస్తుంటరు. అక్కడి మేడం మాకు చాయ పోసింది. బాపు దగ్గు విని, బాత్రూంల పట్టుకునేతందుకు కడ్డీ పెట్టిస్త అన్నది. గంత మంచామె. బాపు మళ్ల గదే అడిగిండు. ఆమె కప్పు కింద పెట్టి, "అబద్ధమెందుకు చెప్పాలె, మా అత్తమ్మ ఒప్పుకోదు" అన్నది. నిజం చెప్పినందుకు ఆమె మీద గౌరవమే పెరిగింది. కోపమంత బాపు మీదికి మళ్లింది.

"జర ఊకోరాదు బాపూ? గిట్ల అడుక్కుంట పోతే మనకెవ్వలిస్తరు ఇల్లు?"

"దొరుకుతది తియ్ బిడ్డా. బతికినన్ని దినాలు యాడున్నా నడుస్తది."

రాంనగర్‌ల సూసింది పాత పెంకుటిల్లు. ఇరుకు గల్లీ, నల్లా రోజు తప్పించి రోజు. నాకైతే అస్సలు నచ్చలే. ఓనరమ్మ వాకిట్ల కూసొని బీడీలు చుడుతున్నది. మొగడు లేడు, ముందటి అర్రల ఒక్కతే ఉంటది, ఎనక అర్రలు కిరాయికిస్తది. బాపు అడిగితే ఆమె చెయ్యి గూడ ఆగలే.

"మా ఇంటాయనను గీ వాకిట్లనే పండవెట్టినం. ఇల్లేమన్న కూలిందా? పొయ్యేనాడు రానియ్యకుంటే ఇగ అదేం ఇల్లన్నా?"

బాపు ఇంకేం అడగలే. చెప్పులిడిసి అరుగు మీద కూసున్నడు. నన్ను మాత్రం ఒక్క మాట అడగకుంటనే ఇల్లు ఖాయమైంది.

తిట్టుకుంటనే సామాను దింపిన. గని ఆ గల్లీ తీరే వేరు. నాకు బడిల ఆలస్యమైతే బాపుకు ఎవ్వలో ఒకరు పప్పుచారు తెచ్చిచ్చేటోళ్లు. నల్లా రాని దినం ఎదురింటోళ్లు తమ బోరు పైపు ఏసేటోళ్లు. మంకమ్మతోటల దవాఖాన్లే దగ్గర, ఈడ మనుషులు దగ్గర. బాపు అరుగు మీద కూసొని బాయి ముచ్చట్లు చెప్తుంటే ఓనరమ్మ బీడీలు చుట్టుకుంట ఊ కొట్టేది.

ఎండకాలం ఒక మధ్యాహ్నం బాపు దవాఖానల పోయిండు. గల్లీల వాళ్లకు ఫోన్ చేసి చెప్పిన. శవాన్ని తెచ్చే బండిని మాత్రం గల్లీ మొగనే ఆపించిన. ఓనరమ్మ అప్పుడు మాటన్నది నిజమేగని, తీరా శవమొచ్చినంక ఏమంటదో అని నా భయం. టెంటోనికి ఫోన్ కలుపుతున్న. ఓనరమ్మ చెప్పుల్లేకుంట ఎండల నడిసొచ్చింది.

"ఇల్లు పెట్టుకొని గీడెందుకు ఆపినవే?" అని నన్ను కోపం చేసింది.

లోపటికి తెచ్చినం. వాకిట్ల ఎండ పడుతుందని తను పండే ముందటి అర్రల చాప ఏపిచ్చింది. "నక్షత్రం మంచిది కాదట అక్కా, ఇల్లు ఇడిసిపెట్టాల్సొస్తదేమో" అని ఎవ్వలో మెల్లగ అన్నరు. "ఉండేది నేను. మీకెందుకు ఫికర్?" అన్నది.

బాపు తలకాడ కూసొని, కొంగుతోని ఆయన మొఖం మీది దుమ్ము తుడిసింది. "వచ్చినవ్ అన్నా, ఇల్లు చేరినవ్" అన్నది.

దవాఖానల రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది.