ఆటోలో నీళ్ళ బిందె

మంగళవారం పొద్దున కోరుట్ల నుంచి ఫోన్ వచ్చింది. "దారిలనే పోయిండు" అన్నారు. ఆ మాట విన్నప్పుడు నేను ఆయన ఆటోలోనే, డ్రైవరు సీట్లో కూర్చుని ఉన్నాను. తాళంచెవి దానికే ఉంది. ఇంజను ఆగిపోయి ఉంది. ముందు చక్రం ఎదురింటి అరుగుకు తగులుకుని ఉంది.

ఊళ్ళో చిన్నాపెద్దా అందరికీ ఆయన ఆటో కాకే. మాకు రక్తసంబంధం లేదు. మా నాన్న కంటే చిన్నవాడు, మా వాడకట్టు, అంటే మా వీధి మనిషి, అందుకని కాక అనేదాన్ని. రెండేళ్ళుగా సోమ, బుధ, శుక్రవారాలు మా అవ్వను జగిత్యాల తీసుకుపోయి తీసుకొచ్చినవాడు ఆయనే. అవ్వ అంటే మా వైపు కన్నతల్లి. ఆమెకు రెండు కిడ్నీలూ పనిచేయవు. అక్కడి ఆస్పత్రిలో మిషను మీద నాలుగు గంటలు పడుకోబెట్టి రక్తం శుభ్రం చేస్తారు. ఒకసారి తప్పితే కాళ్ళు వాస్తాయి, రెండుసార్లు తప్పితే ఆయాసం. మూడోసారి సంగతి నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

నేను బీడీలు చుట్టే మనిషిని. ఇంటర్ దాకా చదివాను కాబట్టి నాలుగు ముక్కలు రాయడం వచ్చు. ఇట్లాంటి మనిషి గురించి ఇంకెవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. కోపంగా రాస్తున్నాను, ఆ కోపం చాలావరకు నా మీదే.

మొదట్లో అవ్వను బస్సులో తీసుకుపోయేదాన్ని. ఆడవాళ్ళకు టికెట్ లేదు కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. మీ ఇంట్లో కాళ్ళు పట్టు తప్పిన ముసలివాళ్ళు ఉంటే మీకు తెలిసే ఉంటుంది, టికెట్ లేకపోతే సరిపోదు, ఎక్కడం రావాలి. బస్సు కింది మెట్టు మా అవ్వ మోకాలి కంటే పైన ఉంటుంది. ఒకరోజు ఒక కాలు పెట్టింది, రెండోది పైకి రాలేదు. పైనుంచి కండక్టరమ్మ చెయ్యి పట్టుకుంది, కింద నుంచి నేను ఎత్తుతున్నాను, నా వెనుక పదిమంది ఆడవాళ్ళు సంచులతో తోసుకుంటున్నారు. అవ్వ మోకాలు మడతపడి నా మీద పడింది, ఇద్దరం రోడ్డు మీద పడ్డాం. పడుతూ అవ్వ అన్న మాట, "బస్సు పోనియ్యుండ్రి, అందరికి లేటైతది."

స్టాండులో ఉన్న కాక ఆటో దిగి వచ్చాడు. నేను అవ్వ చంకల కింద చేతులు పెట్టి లేపబోతుంటే వద్దన్నాడు.

"గట్ల గుంజకు బిడ్డా. కొద్దిసేపు కూసోనియ్యి. ఆమెకు పానం కుదుటవడ్డంక ఆమెనే లేస్తది."

తర్వాత అవ్వ ముందు తన ముంజేతిని కర్రలాగా అడ్డం పెట్టి నిలబడ్డాడు. "నేను నిన్ను వట్టుకోను వదినె. నువ్వే నన్ను వట్టుకో. నేను వట్టుకుంటే నువ్వెటు పడ్తవో నీకే తెల్వది." అవ్వ ఆ చేతిని పట్టుకుని లేచింది. నేను నెలల తరబడి ఆమెను మూటలాగా ఎత్తి దించుతున్నానని అప్పుడు అర్థమైంది.

ఆ రోజు నుంచి ఆయన ఆటోలోనే పోయాం. సీటు కింద ఆయన ఒక టమాటల పెట్టెను కోసి, గోనెసంచి చుట్టి పెట్టుకున్నాడు. ఎవరైనా ముసలివాళ్ళు ఎక్కాలంటే ముందు అది కిందికి దిగేది. దిగేటప్పుడు కూడా అదే. "ఎక్కించుడు అందరికస్తది బిడ్డా, దించేకాడనే మనిషి ఖరాబైతడు" అనేవాడు. అవ్వ కూర్చున్నాక, చనిపోయిన తన భార్య నూలు చీరను సీటుకు అడ్డంగా కట్టేవాడు, మలుపుల దగ్గర జారిపోకుండా.

మొదటిరోజు జగిత్యాల నుంచి వస్తుంటే అవ్వ దారంతా మూలిగింది. సూదులు పొడిచిన చెయ్యి, ఒంట్లో సత్తువ లేదు, ప్రతి గుంతా ఎముకకు తగిలినట్టే. మర్నాడు పొద్దున కాక మా ఇంటికొచ్చి స్టీలు బిందె అడిగాడు. ఎందుకు కాకా అంటే చెప్పలేదు. బోరింగు దగ్గర అంచు దాకా నింపాడు, వెనుక సీటు మీద అవ్వ కూర్చునే చోట పాతగుడ్డల మధ్య నిలబెట్టాడు, మూత పెట్టలేదు. అట్లాగే జగిత్యాల పోయి వచ్చాడు. వాడకట్టు వాళ్ళందరూ, ఈయనకు పిచ్చి గాని లేసిందా అనుకున్నారు, నేనూ అనుకున్నాను. వచ్చాక బిందె దించి మా అవ్వకు లెక్క అప్పజెప్పినట్టు చెప్పాడు.

"కోరుట్ల దాటినంక కల్వర్టు కాడ చెంబెడు పోయింది వదినె. గక్కడ మెల్లగ నడిపిచ్చుకుంట పోవాలె. జగిత్యాల ఇవతల స్పీడ్ బ్రేకరు కాడ ఇంకో చెంబు."

"బిందెతోని ఏం ఎర్క అయితది మరిదీ?" అంది అవ్వ.

"నిన్నడిగితే ఏం గాలేదంటవు. బిందె గట్ల అనదు గద."

నిజమే, మా అవ్వ ఎప్పుడూ ఏమీ కాలేదనే అంటుంది. ఆ తర్వాత ఆయన వారం రోజులు ఖాళీ ఉన్నప్పుడల్లా బిందెతో తిరిగాడు, అంచు తడవకుండా వచ్చేదాకా. ప్రతి వానాకాలం అయ్యాక గుంతలు చోటు మారతాయని మళ్ళీ బిందె అడిగేవాడు. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరుకు ట్రాక్టరు తోలినవాడు, బరువు వెనుక ఉంటే బండి ఎట్లా ఊగుతుందో ఆయన చేతులకే తెలుసు.

అవ్వ మిషను మీద ఉన్న నాలుగు గంటలూ నేను ఆటోలో కూర్చుని బీడీలు చుట్టేదాన్ని. ఆస్పత్రిలోకి తంబాకు రానివ్వరు. కాక ముందు సీట్లో కూర్చుని తుమ్మేవాడు. "నీ తంబాకు వాసనకు నా ఆటో ఎవలెక్కుతరు?" అని గొణిగేవాడు, గొణుగుతూనే కత్తెర తీసుకుని ఆకు కత్తిరించి ఇచ్చేవాడు. మేము చర్చికి పోయేవాళ్ళం. ఆయన అద్దానికి కొండగట్టు ఆంజనేయుడి దారం కట్టి ఉండేది. ఆటో కదిలే ముందు అవ్వ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటే ఆగేవాడు. "అయిందా వదినె? నీ ప్రభువు, మా అంజన్న ఇద్దరు ముందల్నే కూసున్నరు, నాకే జాగ లేదు" అనేవాడు. అవ్వ నవ్వేది. వారానికి మూడుసార్లు మా అవ్వ నవ్వింది ఆ ఒక్క చోటే.

అట్లా ఒకరోజు ఆస్పత్రి ముందు అన్నాడు. "బిడ్డా, నువ్వు స్కూటీ నడుపుతవు గద. ఆటో గూడ నేర్చుకో. రెండు దినాల పని."

"ఆడోళ్ళు ఆటో తోలితే ఆటోల అడ్డ మీద నవ్వుతరు కాకా."

"నవ్వనియ్యి. నవ్వెటోళ్ళు అచ్చి మీ అవ్వను తీస్కపోతరా?"

"నువ్వున్నవ్ గద."

"నేనుంటనే ఉంటనా?"

ఇట్లా ఒకసారి కాదు, నాలుగైదుసార్లు అడిగాడు. ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. సిగ్గు ఒకటి, బద్ధకం ఒకటి. ఆ చివరి నెలల్లో ఆయన అప్పుడప్పుడు ఆటో పక్కకు ఆపి గుండె రాసుకునేవాడు. గ్యాసు అని చెప్పి వాము నమిలేవాడు. అవ్వ కాలు రవ్వంత ఉబ్బితే కనిపెట్టేదాన్ని, రెండడుగుల దూరంలో ఉన్న మనిషి చెమటలు పట్టి కూర్చుంటే, ఎండ అనుకున్నాను. అదే ఆస్పత్రి ముందు రెండేళ్ళు ఆటో పెట్టినవాణ్ణి ఒక్కసారి లోపలికి పోయి చూపించుకొమ్మనలేదు.

మంగళవారం పాలు పోసే వేళకు ఆయన తన ఇంట్లోంచి నడిచి వచ్చి ఆటో ఎక్కాడు. ముందు సీట్లో కాదు, వెనుక, మా అవ్వ కూర్చునే చోట. పాలమనిషి చూసి అందరినీ పిలిచాడు. నేను పరుగెత్తేసరికి చొక్కా మొత్తం తడిసిపోయి ఉంది. "కోరుట్ల పోవాలె" అన్నాడు. ఊళ్ళో ఉన్న ఇంకో ఆటో పొద్దున్నే గిరాకీకి వెళ్ళిపోయింది. అంబులెన్సుకు ఫోన్ చేస్తే దూరంలో ఉంది, వస్తుందన్నారు. అందరూ నన్ను చూశారు.

"రోజు అండ్లనే తిరుగుతవు గద, నీకస్తది నడుపు" అన్నారు.

కూర్చున్నాను. వెనుక నుంచి ఆయనే చెప్పాడు, ఊపిరి అందకుండానే. "ఎడమచేత్తోని క్లచ్చి వట్టు. గేరు తిప్పు. ఇగ మెల్లగ ఇడువు." నేను ఒక్కసారే వదిలాను. ఆటో ఎగిరి ఆగిపోయింది. "ఏం గాదు బిడ్డా, మళ్ళొకసారి." రెండోసారి ఎగిరి పోయి ఎదురింటి అరుగుకు తగిలింది. ఆయన తల వెనుక కడ్డీకి కొట్టుకున్న చప్పుడు నాకు వినిపించింది. "ఏం గాదు" అన్నాడు మళ్ళీ. ఇక ఆగలేక ఇద్దరు మగవాళ్ళు ఆయన్ని దించి బైకు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకుపోయారు. దించేటప్పుడు ఎవరికీ టమాటల పెట్టె గుర్తురాలేదు. ఇంతమందిని ఆస్పత్రికి చేర్చిన మనిషి, తన ఆటో కళ్ళముందే ఉండగా, బైకు మీద ఇద్దరి మధ్య నలిగి పోయాడు.

డాక్టర్లు ఏమంటారో నాకు తెలియదు, ఆటో నడిచినా దక్కేవాడు కాదేమో. అట్లా అని ఎవరైనా చెబితే బాగుండునని రోజూ అనిపిస్తుంది. ఎవరూ చెప్పలేదు.

బుధవారం అవ్వకు మిషను తప్పింది. గురువారానికి పాదాలు నొక్కితే గుంట పడి అట్లాగే ఉంది. కోరుట్ల అడ్డ మీద ఆటోవాళ్ళందరినీ అడిగాను. ఒకతను చెడ్డవాడేమీ కాదు, ఉన్నమాటే చెప్పాడు. "అక్కా, పొద్దంత గక్కడ కూసుంటే నా గిరాకీ ఏం గావాలె? వారంల మూడు దినాలంటే నాతోని గాదు." శుక్రవారం ఏ దారీ లేక బస్సు ఎక్కించాను. ఇద్దరు కాళ్ళు, ఇద్దరు చేతులు పట్టి ఎత్తారు. తిరిగి వచ్చేటప్పుడు నిలబడ్డవాళ్ళ మధ్య అవ్వ వాంతి చేసుకుంది, చీర తడిసింది. ఇంటికొచ్చి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

"ఇగ నేను పోను" అంది. "నన్ను గిట్లనే ఉండనియ్యి. నలుగురి మీద వడి పోవుడు నాతోని గాదు."

"పోకుంటే ఏమైతదో నీకెర్కనా అవ్వా?"

"ఎర్కనే."

తిట్టాను, కాళ్ళు పట్టుకున్నాను, ఆమె ఇటు తిరగలేదు.

కాకకు ఒక్కతే బిడ్డ. సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే ఇంటికి ఇచ్చారు. శనివారం పొద్దున ఆమె తండ్రి ఇల్లు సర్దుతుంటే పోయి నిలబడ్డాను. ఏం అడగాలో, ఏ ముఖం పెట్టుకుని అడగాలో తెలియలేదు. అరుగుకు గుద్దింది నేనేనని ముందు చెప్పాను.

"చెప్పిండ్రు అక్కా" అంది. కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి పోయి తాళంచెవి తెచ్చింది. "బాపు నీకు నేర్పియ్యాలన్నడు. ఫోన్ల గూడ చెప్పేటోడు, ఆ పిల్ల నా మాట ఇంటలేదని. నడుపు, మా ఇంటాయన అచ్చి ఆటోను ఏం జేసుడో చెప్పేదాక నీ దగ్గరనే ఉండనియ్యి."

నేను వాకిట్లోనే కూలబడి ఏడ్చాను. ఆమె నన్ను లేపలేదు, కాసేపు పక్కన కూర్చుంది, తండ్రి లాగానే.

వారంలో మూడు రోజులు తనవల్ల కాదన్న అడ్డ మీది అతనే నిన్న మధ్యాహ్నం వచ్చి చీకటి పడేదాకా ఊరి బయట నేర్పాడు. లైసెన్సు కోసం అర్జీ పెట్టాను, అది వచ్చేదాకా పక్కన ఎవరో ఒకరు ఉండాలి, రేపటికి మాత్రం గిరాకీ మానుకుని తానే కూర్చుంటానన్నాడు. ఆ తర్వాత బుధవారం ఏమిటో నాకు తెలియదు. అడ్డ మీద నవ్వారు, నవ్వనియ్యి.

ఈ రోజు ఆదివారం. చర్చికి పోలేదు. బిందె తోమి, అంచు దాకా నీళ్ళు నింపి, కాక భార్య చీరతో సీటుకు కట్టి, అడ్డ మీది అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని జగిత్యాల దాకా పోయి వచ్చాను. కల్వర్టు దగ్గర మెల్లగానే నడిపించాను. స్పీడ్ బ్రేకరు దగ్గర మరిచిపోయాను. వెనుక నీళ్ళు ఒలికిన చప్పుడు విన్నప్పుడల్లా ఎవరో మూలిగినట్టే వినిపించింది. ఇల్లు చేరేసరికి సీటంతా తడి.

అవ్వ మంచం వాకిట్లోకి తెప్పించుకుని కూర్చుంది. నేను బిందె విప్పి తెచ్చి ఆమె ముందు పెట్టి, తప్పు చేసినదానిలా నిలబడ్డాను. అవ్వ వంగి సూదుల గుర్తులు లేని చెయ్యి బిందెలో పెట్టింది. వేళ్ళు తడవలేదు, ఇంకా లోపలికి పెట్టింది. మణికట్టు దాటాక నీళ్ళు తగిలాయి.

"సగానికి తక్కువనే ఉన్నయ్" అంది.

"అవునవ్వా."

చెయ్యి తీయకుండానే ఆటో వైపు చూసింది.

"పొద్దుగాల ఎన్ని గంటలకు పోవాలె?" అంది. "ఆ పెట్టె మరువకు."

టమాటల పెట్టె తెచ్చి ఆటో పక్కన పెట్టాను. అవ్వ చెయ్యి ఇంకా బిందెలోనే ఉంది.