కొండ కొస కొలిచిన మేనమామ

మొన్న సోమవారం పొద్దున్నే దువ్వాడ నుంచి కబురొచ్చింది, మా బావ పోయాడని. నా భార్యకి అన్న. స్టీలు ప్లాంటు కడుతున్న రోజుల్లో చుట్టుపక్కల కొండలన్నీ కొలిచిన సర్వేయరు. కబురు విని మా అమ్మాయి పడిపడి ఏడ్చింది. నేను పోతే ఇంతలా ఏడుస్తుందా అని నాకు వెంటనే అనిపించింది. ఏం చేయను, ఆయన బతికుండగా మొదలైన కుళ్లు, ఆయనతో పోలేదు.

మేనమామ ముందు తండ్రి ఎంతండీ? నేను పోర్టులో కలాసీని, ఐదో తరగతితో ఆగినవాణ్ని. పిల్ల లెక్క అడిగితే వాళ్లమ్మ మావనడగమనేది. ఆయనొస్తే చేపల పులుసు ముందు ఆయనకే. కంచంలో అన్నం కుప్ప చేసి, ఎదురుగా గ్లాసు పెట్టి, ఎక్కకుండానే కొండ ఎత్తు ఎలా తెలుస్తుందో చెప్పేవాడు. పిల్ల నోరు తెరుచుకుని వినేది. నేను ముళ్లు ఏరుకునేవాణ్ని. పోతూ పోతూ గుమ్మంలో ఒక కన్ను మూసి, మా గోడ వాలిందనేవాడు. నిజంగానే వాలింది. అదే ఒళ్లుమంట.

వెలుతురు పంపి దూరం చెప్పే కొత్త మిషను వచ్చిన ఏడాది, పాలిటెక్నిక్ చదువుతున్న అమ్మాయికి చూపిస్తానన్నాడు. నేనూ వెంటపడ్డాను. మిషను కింద వాళ్ల దగ్గర. కొండ కొసన సర్వే రాయి మీద, ఆ వెలుతురుని తిప్పి పంపే అద్దం కర్ర నిలబెట్టే పని నాది. తీరా ఎక్కితే రాయికి పసుపు, కుంకుమ, నిమ్మకాయ. ఎవరో అమ్మవారిని చేసేశారు. అమ్మ నెత్తిన కర్ర ఎలా పెడతాను? పక్కన పల్లంలో పెట్టుకుని నిలబడ్డాను.

పాత లెక్క కన్నా కొండ తగ్గింది. బావ ఆయాసపడుతూ పైకొచ్చాడు, వెనకే అమ్మాయి. దాని ముందు తిడతాడనుకున్నాను. ఆయన చెప్పులు విడిచాడు, రాయికి మొక్కాడు, కర్ర దానిమీద నిలిపి నాకేసి తిరిగాడు.

"దండవెట్టి కొలు బావా. కొలిత్తే అమ్మోరేటి తగ్గిపోద్దా?"

అప్పుడు అమ్మాయి ఆయన్ని చూసిన చూపు ఒక్కసారి నాకు దక్కితే చాలనుకున్నాను.

పోయినేడు దానికి సర్వే ఆఫీసులో ఉద్యోగమొచ్చింది. నా కూతురు కొండలు కొలుస్తుందండీ! పేటంతా లడ్డూలు పంచాను, తెలియనివాళ్లని కూడా ఆపి చెప్పాను. అది మాత్రం తిన్నగా వెళ్లి మంచంలో ఉన్న మేనమామ కాళ్లకి వంగింది. నేను వెనకే గుమ్మంలో ఆగిపోయాను. ఆయన లేచి కూర్చుని, దాని భుజాలు పట్టుకుని ఆపాడు.

"ముందు అటు," అన్నాడు.

మిషను తిప్పినట్టే, కాస్త, ఇంకాస్త, నా మొహం దాని కళ్లకి సరిగ్గా ఎదురుపడేదాకా తిప్పి, అప్పుడు వదిలాడు.