మా హాల్లో నడిచిన తెలుగు లైబ్రరీ

మా నానమ్మ విమలమ్మ మారేడ్‌పల్లిలో ఒక కాలేజీ లైబ్రరీ చూసుకుని రిటైరైంది. ఉద్యోగం వదిలింది గానీ మనసింకా అక్కడే. ఆ లైబ్రరీ పాత పుస్తకాలన్నీ ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. వాటిని చూపించే సాఫ్ట్‌వేర్ ఉచితం; ఎవరైనా తెచ్చుకుని మార్చుకోవచ్చు. చిక్కల్లా దాని బటన్లన్నీ ఇంగ్లీషులో ఉండడమే. తెలుగు మీడియం పిల్లలు తెరిచి, ఎక్కడ నొక్కాలో తెలియక మూసేస్తున్నారని ఆమె బెంగ. చలికాలమంతా కూర్చుని వాటిని తెలుగులోకి మార్చింది.

ఇప్పటి లైబ్రేరియన్ దయాకర్ మాత్రం తొందరపడలేదు.

"మేడమ్, నేరుగా మన సైట్‌ల పెడితే, తేడా వస్తే అందరికీ తక్లీఫ్. ముందు మీ ఇంట్ల కంప్యూటర్ల నడిపి చూపియ్యండి. నడిస్తేనే పెడతా."

అంతే, మా హాల్లో పని షురూ. ఆ సాఫ్ట్‌వేర్‌లో మూడు భాగాలు: పుస్తకాల వివరాలు దాచేదొకటి, వెతికేదొకటి, తెర మీద చూపేదొకటి. ఒక్కోదాన్ని నడపడానికి కంప్యూటర్ తెర మీద ఒక్కో నల్ల కిటికీ. నానమ్మ అన్నీ సరిగ్గానే ఎక్కించింది. పేజీ తెరిస్తే మాత్రం సర్వర్ దొరకలేదంటుంది. తీసేసి మళ్లీ ఎక్కించింది. అదే పాట. తను చేసిన తెలుగు అక్కరకు రాకుండా పోతుందేమోనని అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఇంటర్ సగంలో వదిలేసిన నాకు కంప్యూటర్ అంతగా తెలియదు, నానమ్మ బాగా తెలుసు. పక్కన కూర్చుని చూశాను. నల్ల కిటికీలో అక్షరాలు ఆగగానే దాన్ని మూసి తర్వాతదానికి పోతోంది. ఏళ్ల తరబడి బీరువాలకు తాళాలేసిన చెయ్యి మరి.

"నానమ్మా, షట్టర్ దించి గిరాకీ వస్తలేదంటే ఎట్ల?"

"ఏందిరా?"

"అవి మూస్తే లోపల పని బంద్ అయితది. తెరిచే ఉంచు."

"పనైనంక గిట్ల తెరిచిపెట్టుడేంది, పద్ధతి లేకుండ" అని గొణిగింది గానీ, అన్నీ మళ్లీ నడిపి ఈసారి ఒక్కదాన్నీ మూయలేదు. పేజీ తెరుచుకుంది. పైన 'వెతకండి' అని తెలుగులో.

వెతికి చూడ్డానికి ఉత్తుత్తి పుస్తకం ఒకటి కావాలి. 'చదువు ఎగ్గొట్టే మార్గాలు' అని ఎక్కించి, రచయిత దగ్గర నా పేరు పెట్టింది.

"నేనే దొరికిన్నా నీకు?"

"నువ్వు యాడ దాక్కున్నా దొరుకుతవు రా. అందుకే."

మర్నాడు దయాకర్ వచ్చి నా పుస్తకం వెతికి నవ్వాడు. తర్వాత నవ్వాపి ప్రతి బటనూ నొక్కి చూశాడు.

"ఈ వారమే పెడతా మేడమ్."

పెట్టాడు. ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లు కూడా ఆ తెలుగును తీసుకుని, సాయం చేసినవాళ్ల జాబితాలో నానమ్మ పేరు వేశారు. ఆమె ఎవరికీ చెప్పలేదు. పాలాయన నుంచి వాచ్‌మన్ దాకా నేనే చెప్పుకొచ్చాను. వాళ్లకు సగం అర్థం కాలేదు. నాకూ అర్థమైంది సగమే. గొప్పలు చెప్పుకోవడానికి అది చాలు.